మిట్ట మీద మూసిన గాలి

ఉద్యోగంలో ఉండగా నేను రాసిన కాగితాల్లో ఒకటి నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అందులో నాలుగే వాక్యాలు. "ట్యాంకులో నీటి మట్టం పై కాలనీ నల్లాల కంటే ఇరవై ఐదు అడుగుల ఎత్తులో ఉన్నది. పైపులైను ఎక్కడా పగలలేదు. కింది ఊరికి నీరు సక్రమంగా అందుతున్నది. కావున కాలనీ లైను వాల్వును చేతితో మూసివేస్తున్నారని నిర్ధారణ అయినది." మొదటి మూడూ నిజం. నాలుగోది అబద్ధం. ఆ అబద్ధం కింద సంతకం నాది.

పల్లెలకు మంచినీళ్ళిచ్చే శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పని చేశాను. చివరి ఎనిమిదేళ్ళు చేవెళ్ళ, మొయినాబాద్ వైపే. రిటైరయ్యాక అప్పుడప్పుడు కొత్త ఇంజనీర్లకు నాలుగు మాటలు చెప్పమని పిలుస్తారు. శాలువా కప్పి, మీ విజయాలు చెప్పండి సార్ అంటారు. విజయాలు ఫైళ్ళలో ఉన్నాయి, కావలసిన వాళ్ళు తీసి చదువుకోవచ్చు. ఇది మాత్రం సభల్లో ఎన్నడూ పూర్తిగా చెప్పలేదు. పది నిమిషాల్లో అయ్యేది కాదు.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. కాలేజీ రోజుల నుంచీ నేను వాదించే మనిషిని. హేతువాద సభల్లో పెరిగాను. బాబాలు గాల్లోంచి తీసే విబూదిని ఊరూరా తిరిగి వేదికలెక్కి నేనూ తీసి చూపించాను. దిష్టి, వాస్తు, ముహూర్తం అంటే ఒళ్ళు మండేది, ఇప్పటికీ మండుతుంది. ఆధారం చూపించనిదే ఏ మాటా ఒప్పుకోవద్దని కొన్ని వందల మందికి చెప్పి ఉంటాను. ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. నా తప్పు ఏ దారిన వచ్చిందో తెలియాలంటే ఇది కూడా తెలియాలి.

చేవెళ్ళ రోడ్డు దిగి ముడిమ్యాల వైపు తిరిగాక లోపలికి ఒక ఊరుంది. పేరు అవసరం లేదు. ఊరి మధ్య నీళ్ళ ట్యాంకు. దాని కింద నుంచి రెండు లైన్లు బయలుదేరతాయి. ఒకటి కింది ఊరికి, రెండోది ఊరవతల ఎత్తు మీదున్న కాలనీకి. కూలి పనులు చేసుకునే దళిత కుటుంబాలకు ఎప్పుడో ప్రభుత్వం జాగాలిచ్చిన చోటది. ఆ లైను తిన్నగా పోదు. ఒక మిట్ట ఎక్కుతుంది, రోడ్డు కింద వాగు పారే మోరీ దగ్గర దిగుతుంది, ఇంకో మిట్ట ఎక్కి మళ్ళీ దిగుతుంది, చివరికి కాలనీకి ఎక్కుతుంది. మోరీ దగ్గర ఆ లైనుకే పశువుల తొట్టి కట్టారు. సాయంత్రం తొట్టి నల్లా విప్పితే లైనులో మిగిలిన నీళ్ళన్నీ అక్కడికి జారిపోయి పైపు ఖాళీ అవుతుంది. మర్నాడు పొద్దున మళ్ళీ మొదటి నుంచి నింపాలి. పైపు రోజూ ఖాళీ అయి రోజూ నిండుతుందన్న సంగతి గుర్తుపెట్టుకోండి.

నింపే పని నీరటిది. నీరటి అంటే చెరువు తూము ఎత్తి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళో చూసి పారించే మనిషి. ఇతని తండ్రి నిజంగానే చెరువు నీరటి. చెరువు కింద సాగు తగ్గిపోయి నల్లాలు వచ్చాక పంచాయతీ వాళ్ళు కొడుకును వాల్వులు తిప్పే పనిలో పెట్టుకున్నారు. రికార్డుల్లో అతని హోదా వేరే ఉంది కానీ ఊరు మాత్రం నీరటి అనే పిలిచేది. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. ట్యాంకు కింద గుంటలో ఉన్న వాల్వు తిప్పడానికి నిలువెత్తు ఇనుప చావి ఒకటి ఉండేది. దాన్ని భుజాన వేసుకుని పొద్దున్నే నడిచి పోతుంటే ఆడవాళ్ళు బిందెలు బయట పెట్టేవాళ్ళు. అతని ఇల్లు ఆ పై కాలనీలోనే. ఇంట్లో తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు.

ఒక ఏడాది ఎండలు ముదరక ముందే ఆ కాలనీకి నీళ్ళు ఆగిపోయాయి. అంతకు ముందు రెండేళ్ళు బాగానే వచ్చాయి. ఆడవాళ్ళు మళ్ళీ బిందెలతో కింది ఊరి బోరు దగ్గరికి దిగి, ఎక్కి పోవడం మొదలైంది. ఫిర్యాదులు వచ్చాయి. నేను పంచాయతీ ఆఫీసుకు వెళ్ళాను. వరండా నిండా జనం.

సర్పంచ్ పాతకాలపు భూస్వామి కుటుంబం వాడు, మర్యాదస్తుడు. చాయ్ తెప్పించి, మెల్లగా అన్నాడు. "సార్, ఎలక్షన్ల ఇంటింటికి తిరిగి నల్లా నీళ్ళు ఇస్తనని చెప్పిన. ఇప్పుడు కాలనీకి పోతే మొకం చూపెట్టేటట్టు లేదు. జర మీరే తేల్చాలె."

ఒక పెద్దాయన లేచాడు. "తేల్చేదేమున్నది? రోడ్డు పెద్దగ చేసేటప్పుడు పోశమ్మ రాయి జరిపిండ్రు. తల్లి అలిగింది. బోనం చేసి యాటను కొయ్యాలె."

నాకు కావలసింది దొరికింది. "రాయి ఎప్పుడు జరిపిండ్రు బాపూ?" అని అడిగాను.

"శివరాత్రి పోయినంక."

"నీళ్ళు ఎప్పుడు ఆగినయ్?"

"శివరాత్రికి ముంగటనే."

"అంటే, జరుపుతరని ముందే తెలిసి అలిగిందా తల్లి?"

వరండా అంతా నవ్వింది. పెద్దాయన కూర్చున్నాడు. కారణం ఎప్పుడూ ఫలితం కంటే ముందు ఉండాలని, తేదీలు చూసుకోకుండా దేన్నీ దేనికీ ముడిపెట్టొద్దని నేను పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. మంచి ఉపన్యాసమే. అందులో ఒక్క మాట కూడా తప్పు కాదు. నేను దాన్ని నాకు తప్ప అందరికీ ఇచ్చాను, అంతే.

అప్పుడు కాలనీ యువకుడొకడు ముందుకొచ్చాడు. "రాయి లేదు, రప్ప లేదు సార్. కింద పెద్దోళ్ళ ఇండ్లల్ల సంపులు కట్టుకున్నరు. అవి నిండాలంటే మా లైను బంద్ కావాలె. వాల్వు ఎవని చేతిల ఉన్నది? మావోడే. మావోడే మమ్ముల అమ్ముకున్నడు."

ఆ మాటతో నా మనసు ఎగిరి గంతేసింది. ఎత్తు మీద పేదల కాలనీ, కింద ఆసాముల సంపులు, మధ్యలో అమ్ముడుపోయిన మనిషి. నేను నలభై ఏళ్ళుగా వేదికల మీద చెబుతున్న అన్యాయం అచ్చంగా నా ముందుకు వచ్చి నిలబడింది. అలాంటి అన్యాయాలు లేవని కాదు, ఎన్నో చూశాను. ఇక్కడ జరిగిందా లేదా అని చూడాల్సిన వాణ్ణి, జరిగి ఉంటుందని సంతోషించాను.

నీరటిని పిలిచాను. గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"కాలనీ వాల్వు బంద్ పెడుతున్నవా, లేదా?"

"లేదు సారూ. పొద్దుగాల పూర్తిగ విప్పుతున్న."

"మరి నీళ్ళు యాడికి పోతున్నయ్?"

"తెల్వది సారూ."

జనంలోంచి ఒక ముసలామె గొంతు వినిపించింది. అతని తల్లి. "ఓ సారూ, నా మాట జర ఇను. నల్లా ఇప్పితే దగ్గుతది. ఉఫ్ ఉఫ్ అని ఊదుతది. నీళ్ళు రావు. మిట్ట కాడ బురద ఎండినకాన్నుంచి గిట్లనే ఉన్నది."

ఎవరో ఎగతాళి చేశారు. "కొడుకును కాపాడుకోవాలె గద అవ్వా!"

"నా కొడుకు బంద్ పెడితే నా బిందె నిండుతదా? నేను మోస్తలేనా నీళ్ళు?" అని ఆమె తిరిగి అరిచింది.

నేను ఆమె మాట రాసుకోలేదు. రక్తసంబంధం ఉన్న సాక్షి అని పక్కన పెట్టాను. బురద ఎండిందంటే ఎండాకాలం వచ్చిందనే కదా అనుకున్నాను. అక్కడే కూర్చుని కాగితం మీద లెక్క వేశాను. ద్రవంలో ఒత్తిడి ఎంత అంటే సాంద్రత, గురుత్వం, లోతు, ఈ మూడింటినీ గుణిస్తే వచ్చేదే. గురుత్వం మారదు. నీటి సాంద్రత మారదు. ఇక మిగిలింది ఎత్తుల తేడా. ట్యాంకు మట్టం, కాలనీ మట్టం, తేడా ఇరవై ఐదు అడుగులు. మధ్యలో మిట్టలు ఎన్ని ఉన్నా పట్టింపు లేదు, ఎక్కినప్పుడు తగ్గింది దిగినప్పుడు తిరిగొస్తుంది. కాబట్టి నీళ్ళు రావాలి. రావడం లేదంటే ఎవరో ఆపుతున్నారు. నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టాను.

సర్పంచ్ ఆ కాగితాన్ని నేను అనుకున్న దానికంటే త్వరగా అందుకున్నాడు. మర్నాడే నీరటి దగ్గర చావి తీసుకుని తన దూరపు బంధువుకు ఇచ్చాడు.

వారం తర్వాత నీరటి చేవెళ్ళలో మా ఆఫీసుకు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సారూ, నేను బంద్ పెట్టంగ నువ్వు జూసినవా?"

"చూడలే. లెక్క చెప్తున్నది."

"కాలనీల ఎవ్వరు మాట్లాడ్తలేరు సారూ. నా పిల్లల్ని సుత నీళ్ళ దొంగ పిల్లలంటున్నరు. పని పోతే పోనీ, రోజా తోటల కూలికి పోతున్న. ఆ పేరొక్కటి తీసెయ్యి."

"తప్పు చెయ్యకపోతే నీకెందుకు ఫికర్? విచారణ అయితది" అన్నాను. విచారణ చేయాల్సింది నేనే. అయిపోయిందని సంతకం పెట్టింది కూడా నేనే. ఆ ముక్క అప్పుడు తోచలేదు.

కొత్త మనిషి చావి పట్టుకుని రెండు వారాలైంది. కాలనీకి నీళ్ళు రాలేదు. ఇక్కడ మీరు జాగ్రత్తగా వినాలి. చావి చేతులు మారింది, ఫలితం మారలేదు. ఏ హైస్కూలు పిల్లవాడైనా దోషం ఆ చేతుల్లో లేదని చెబుతాడు. నేనేమనుకున్నానో తెలుసా? వీడు కూడా అమ్ముడుపోయాడనుకున్నాను. నా సిద్ధాంతాన్ని నిలబెట్టుకోవడానికి రెండో మనిషిని కూడా దొంగను చేశాను. బాబాలను నిలదీసే రోజుల్లో వాళ్ళ భక్తులు సరిగ్గా ఇలాగే తప్పించుకునేవాళ్ళు. మహిమ పని చేయకపోతే, అక్కడ నమ్మకం లేనివాడు ఇంకొకడున్నాడనేవాళ్ళు.

నన్ను నిలబెట్టింది ఒక మేస్త్రీ. మోకిల దగ్గర మా శాఖ పంపుహౌసు కడుతున్నారు. చుట్టూ కొత్త లేఅవుట్లు, కంప్యూటర్ కొలువుల వాళ్ళు కట్టుకుంటున్న ఇళ్ళు. నేను పునాది మట్టం చూడటానికి వెళ్ళాను. మేస్త్రీ, అతని భార్య మట్టం పైపు పట్టుకుని ఉన్నారు. మీరు చూసే ఉంటారు, తెల్లటి సన్నని ట్యూబు, నిండా నీళ్ళు. ఒక కొస ఒక మూలలో, రెండో కొస ఇంకో మూలలో పెడితే రెండు వైపులా నీరు ఒకే ఎత్తున నిలబడుతుంది. అక్కడ గోడ మీద గీత గీస్తారు.

ఆమె ఆ కొస నుంచి అరిచింది. "ఇటు బెత్తెడు కిందికున్నది."

మేస్త్రీ గీత గీయలేదు. "ఆగు, ఆగు. గాలి ఉన్నట్టున్నది" అని ట్యూబు పొడుగునా చేత్తో తడుముకుంటూ పోయాడు. మధ్యలో ట్యూబు ఒక ఇటుకల కుప్ప ఎక్కి దిగుతోంది. అక్కడ, దిగే వైపున, జానెడు గాలి బుడగ ఇరుక్కుని ఉంది. ట్యూబును కుప్ప మీది నుంచి దించి వేలితో టకటక కొట్టాడు. బుడగ కదిలి, పైకి పోయి, కొసలోంచి బయటపడింది. నీరు రెండు వైపులా సర్దుకుంది.

"మళ్ళ చూడు."

"ఇప్పుడు సమానం."

నేను అక్కడే నిలబడిపోయాను. "గాలి ఉంటే ఏమైతది మేస్త్రీ?" అని అడిగాను.

అతను నన్ను అనుమానంగా చూశాడు, ఇంజనీరు పరీక్ష పెడుతున్నాడనుకున్నాడేమో. "ఏమైతది సార్, మట్టం అబద్ధం చెప్తది. గాలికి బరువు లేకపాయె. అది ఉన్నంత మేర నీళ్ళు లేనట్టే."

గాలికి బరువు లేకపాయె. నా కాగితం మీద సాంద్రత అనే అక్షరం ఉన్న చోట నేను కళ్ళు మూసుకుని నీటి విలువ వేశాను. పైపులో ఉన్నది నీరేనా అని ఒక్కసారి కూడా అడగలేదు. లోతుకు దిగితే ఒత్తిడి పెరుగుతుందని మనం చదువుకుంటాం. కానీ దాన్ని పెంచేది లోతు కాదు, ఆ లోతు మేర నిలబడి ఉన్న పదార్థపు బరువు. మిట్ట ఎక్కేటప్పుడు పైపు నిండా నీళ్ళుంటే, ఎక్కినంత ఒత్తిడి తగ్గుతుంది. దిగేటప్పుడు పైపు నిండా గాలి ఉంటే, దిగినంత తిరిగి రాదు. ఎక్కిన ప్రతి అడుగూ ఖర్చు, దిగిన అడుగుకు రాబడి లేదు. అలాంటి మిట్టలు రెండుంటే, ఇరవై ఐదు అడుగులు ఏ మూలకు సరిపోతాయి?

దాంతో పాటు ముసలామె మాట కూడా గుర్తొచ్చింది. దగ్గుతది, ఉఫ్ అని ఊదుతది. ఆమె నాకు పైపులో ఏముందో చెప్పింది. నేను ఆమె ఎవరి తల్లో చూశాను.

మర్నాడు పొద్దున మా ఫిట్టర్ భాయిని వెంటబెట్టుకుని ఆ ఊరికి వెళ్ళాను. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. చెవి పైపుకు ఆనించి లోపల ఏముందో చెప్పగలడని మాలో పేరు. ఒత్తిడి కొలిచే గేజీలు రెండు తీసుకున్నాం. ఇంకా నీళ్ళు వదలలేదు, లైను ఖాళీగా ఉంది. మొదటి మిట్ట మీద రోడ్డు పక్కన మట్టి తీస్తే పైపు మీద ఇనుప ప్లగ్గు బిగించి ఉంది. దాన్ని విప్పి ఒక గేజీ పెట్టాం. రెండోది కింద మోరీ దగ్గర తొట్టి నల్లాకు పెట్టాం. రెండు చోట్లకూ ఎత్తులో తేడా ఇరవై అడుగులు. ట్యాంకు దగ్గరికి ఫోన్ చేసి వాల్వు విప్పమన్నాను.

నేను మిట్ట మీద, భాయి మోరీ దగ్గర. గేజీ ముల్లు మెల్లగా లేచి ఆగింది. అడుగుల్లోకి మారిస్తే ముప్పై. ట్యాంకు మట్టానికి మిట్ట ముప్పై అడుగులు కిందే, కాబట్టి సరిపోయింది. వాల్వు విప్పి ఉందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కింద యాభై ఉండాలి.

"భాయ్, ఎంతున్నది?" అని ఫోనులో అడిగాను.

"ముప్పై రెండు సాబ్."

"సరిగ్గ చూడు."

"కండ్లద్దాలు పెట్టుకునే చూస్తున్న సాబ్. ముప్పై రెండు."

ఇరవై అడుగులు దిగితే రెండంటే రెండు అడుగులు పెరిగింది. మధ్యలో ఉన్నది నీరైతే అలా కావడం కుదరదు. ప్రపంచంలో ఏ ఆసామీ, ఏ లంచమూ, ఏ వాల్వూ అలా చేయలేదు. దానికి గాలి ఒక్కటే కావాలి.

భాయి పైకి వచ్చాక ప్లగ్గును చేతిలో తిప్పుతూ అడిగాను. "ఇక్కడ ఉండాల్సింది గాలి వాల్వు గద. ఈ ప్లగ్గు ఎవడు కొట్టిండు?"

భాయి రెండో మిట్ట వైపు చెయ్యి చూపించాడు. "నేనే కొట్టిన సాబ్. అగో, ఆ మిట్ట మీద సుత. మీ లీకేజీల లిస్టుల ఉండె."

ఆ చలికాలంలో నీటి వృథా అరికట్టాలని నేనే ఉత్సాహంగా ఒక కార్యక్రమం పెట్టాను. కాంట్రాక్టరు సూపర్‌వైజరు లీకుల జాబితా పట్టుకొచ్చాడు. "మిట్ట మీద రోడ్డు పక్క పైపులోంచి నీళ్ళు చిమ్ముచున్నవి, బురద" అని అందులో రెండు చోట్ల ఉంది. జీపులో కూర్చుని, మోకాలి మీద పెట్టుకుని, మొత్తం జాబితా కింద ఒకే సంతకం పెట్టాను. గాలి వాల్వు అంటే ఏమిటో నాకు తెలియక కాదు. పైపు నిండుతుంటే గాలిని బయటికి వదిలి, నిండగానే రెండు చుక్కలు చిమ్మి మూసుకుంటుంది. పాతబడితే ఆ రెండు చుక్కలు కాస్త ఎక్కువవుతాయి. దాని చుట్టూ బురద ఉంటుంది, బర్రెలు పడుకుంటాయి. ఆ బురద ఎండినప్పటి నుంచే కాలనీకి నీళ్ళు లేవు. తేదీతో సహా ముసలామె చెప్పింది. పోశమ్మ రాయికి తేదీలు అడిగిన నేను, నా సంతకానికి అడగలేదు.

"నీరటి వద్దన్నడు సాబ్" అన్నాడు భాయి. "'ముయ్యకు భాయ్, అది రోజు పొద్దుగాల ఉష్ అంటది, చప్పుడు ఆగితే లైను నిండిందని నాకు ఎర్కైతది' అన్నడు. సంతకం ఉన్నదిర బాబూ అని నేనే కొట్టిన."

గేజీ విప్పాం. ఉష్షుమని గాలి బయటికి తన్నింది. దుమ్ము లేచింది. ఎంతసేపు పోయిందో, నా మటుకు నాకు చాలాసేపు అనిపించింది. తర్వాత తుంపర, తర్వాత నా చొక్కా మీద ఎర్రటి నీళ్ళు. భాయి స్టోరు నుంచి తెచ్చిన గాలి వాల్వు అక్కడ బిగించాడు. రెండో మిట్ట మీదా అలాగే చేశాం. అక్కడి నుంచి కాలనీకి నడిచి పోయాను.

నీరటి తల్లి వాకిట్లో నల్లా విప్పి, బిందె పెట్టి, దాని ముందే కూర్చుని ఉంది. నల్లా దగ్గింది. ఊదింది. మళ్ళీ దగ్గింది. ఆమె నా వైపు తలెత్తలేదు. సన్నగా ఒక ధార వచ్చి ఆగి, ఒక్కసారిగా దుమికింది. వీధిలో అరుపులు, బిందెల చప్పుడు.

ఆమె బిందె నిండాక అంది. "నీళ్ళు వచ్చినయ్ గని, నా కొడుకు పేరు రాలే సారూ."

సాయంత్రం రోజా తోట నుంచి నీరటి వచ్చాడు. జరిగింది చెప్పాను. నమ్మినట్టూ లేదు, ఆశ్చర్యపోయినట్టూ లేదు.

"మిట్ట మీద మూసిన సంగతి ఆ రోజే నాకెందుకు చెప్పలే?" అని అడిగాను. నా గొంతులో ఇంకా కొంచెం నింద ఉంది, దాచను.

"నువ్వు అడగలే సారూ. బంద్ పెట్టినవా లేదా అని అడిగినవ్. పెట్టలేదని చెప్పిన."

మా పై అధికారికి ఫోన్ చేశాను. మంచివాడే, నా మేలు కోరే చెప్పాడు. "సాంకేతిక కారణాల వల్ల అంతరాయం, సరిచేయబడినది అని రాసి పంపండి. మీ సంతకం, లిస్టు, ఇదంతా ఎందుకండీ? రిటైర్మెంటు ముందు మెమో కావాలా?" సర్పంచ్ కూడా దాదాపు అదే అన్నాడు. "చావి నోటిమాటగ ఇచ్చేస్తం సార్. మళ్ళ సభ గిట్ల పెట్టి రాద్ధాంతం ఎందుకు?"

నాకూ ఒక క్షణం అదే బాగుందనిపించింది. నీరటి ఒప్పుకోలేదు. "తీసేసింది కాయితం మీద. ఇచ్చేది సుత కాయితం మీదనే కావాలె. అందరి ముందట చదవాలె" అన్నాడు. అంతకు ముందూ ఆ తర్వాతా అతను అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడగా నేను వినలేదు.

గ్రామసభ పెట్టారు. అదే వరండా. పెద్దాయన ముందు వరుసలోనే ఉన్నాడు. నేను నిలబడి పాత కాగితంలోని నాలుగు వాక్యాలు మొదట చదివాను. తర్వాత కొత్తది. "పై నాలుగో వాక్యం తప్పు. కాలనీ లైనులో గాలి వాల్వులను లీకేజీలనుకుని మూయించింది నేను. ఆ జాబితా మీద సంతకం నాది. చూడకుండా పెట్టాను. నీరటి వాల్వు మూయలేదు. గాలి వాల్వులు మూయవద్దని చెప్పింది అతనే." వేదికల మీద ఎన్నోసార్లు గొంతెత్తాను కానీ, ఆ రోజు చివరి వరుసకు వినపడేలా చదవడానికి నాకు చాలా కష్టమైంది.

పెద్దాయన కర్ర ఆనించుకుని లేచాడు. "సారూ, ఒక్క మాట అడగనా? లిస్టు మీద ఎప్పుడు సంతకం పెట్టినవ్?"

"శివరాత్రికి ముంగట బాపూ."

"నీళ్ళు ఎప్పుడు ఆగినయ్?"

"శివరాత్రికి ముంగటనే."

"గదే అడిగిన" అని కూర్చున్నాడు. వరండా నవ్వింది. ఈసారి నా మీద. న్యాయమే.

పోశమ్మకు నీళ్ళ పైపులతో ఏ సంబంధమూ లేదన్న నా మాటలో ఈ రోజుకూ మార్పు లేదు. కానీ పెద్దాయన రాయి దగ్గర ఆగాడు, నేను సూత్రం దగ్గర ఆగాను. ఇద్దరికీ మిట్ట రెండు ఫర్లాంగుల దూరంలోనే ఉంది, నడిచి పోయి చూసింది ఎవరూ లేరు. చదువుకున్నవాణ్ణి కాబట్టి తప్పు నాదే ఎక్కువ. కాలనీ యువకుడు సభలోనే లేచి నీరటి దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు. సర్పంచ్ చావి తెప్పించి ఇచ్చాడు. నీరటి తీసుకున్నాడు, దండం పెట్టలేదు.

మెమో వచ్చింది. జవాబు రాశాను. మందలింపుతో పోయింది. దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

ఇప్పుడు మీ కొత్త ఇంజనీర్లు కంప్యూటర్ మీద లైను గీస్తారు. ఎత్తులు పెడితే ప్రతి మలుపులో ఒత్తిడి ఎంతో రంగుల్లో చూపిస్తుంది. బాగుంటుంది, నేనూ చూశాను. కానీ పైపు నిండా నీళ్ళే ఉన్నాయని అది ముందే ఒప్పుకుని మొదలుపెడుతుంది. నిండాయో లేదో దానికి ఎవరైనా పోయి చూసి చెప్పాలి. ఎవరి వాకిట్లోనో నల్లా దగ్గుతోందంటే, ఆ మాట చెప్పినవాళ్ళు ఎవరి తల్లో, ఎవరి కొడుకో తర్వాత విచారించండి.

సభ అయిన మర్నాడు నీరటి నన్ను మిట్ట దగ్గరికి రమ్మన్నాడు. గాలి వాల్వు చుట్టూ ఇటుకలతో చిన్న గుంట కట్టి, మీద సిమెంటు పలక వేశాడు. చేతిలో నీలం రంగు డబ్బా, కుంచె. పలక మీద అప్పటికే పెద్ద అక్షరాలతో రాసి ఉంది: "ఇది లీకు కాదు. ముయ్యొద్దు."

"బాగున్నది" అన్నాను.

కుంచె నా చేతికిచ్చాడు. "కింద నీ సంతకం పెట్టు సారూ. నీ సంతకం చూసే మూసిండ్రు. రేపు ఇంకొక సారు లిస్టు పట్టుకొని వస్తే, నా మాట ఇనడు. నీ సంతకం ఇంటడు."

పెట్టాను.

మొన్న ఆ దారిన షేర్ ఆటోలో పోతూ దిగి చూశాను. కొత్త లేఅవుటు పడి మిట్టకు అటువైపు ప్రహరీ వచ్చింది. పొద్దున పూట వాల్వు ఉష్షుమని కార్ల మీద నీళ్ళు చిమ్ముతోందని, ముయ్యమని అక్కడి వాళ్ళు రెండుసార్లు అర్జీ ఇచ్చారట. ఎవరూ ముయ్యలేదు. చుట్టూ బురద, రెండు బర్రెలు. పలక మీద రంగు తాజాగా ఉంది. ఎండకు వెలిసిపోయినప్పుడల్లా నీరటే మళ్ళీ రాస్తున్నాడట, నా సంతకంతో సహా. వంకరలన్నీ అలాగే పెట్టాడు. కొంచెం దగ్గరికి పోయి చూస్తే, నాకంటే అతనే బాగా పెడుతున్నాడు.